ఐదో లెవల్ పచ్చగానే ఉంది

పందొమ్మిదో ఏడు, 211వ రోజు, మొదటి షిఫ్ట్

తెర మీది బాయి బొమ్మ మళ్ళీ ఆరిపోయింది. ఈ వారంలో నాలుగోసారి. తెర ఒకసారి మినుకుమని నల్లబడింది. మూలన చిన్న అక్షరాల్లో 'డిస్‌ప్లే డ్రైవర్ పనిచేయడం ఆగిపోయింది' అని చూపించి, ఆ తర్వాత లాప్‌టాప్ మొత్తం బిగుసుకుపోయింది. నియమం ప్రకారం, బొమ్మ పోతే అందరూ బయటికి రావాలని మూడు గంటలు కొట్టాను. ఐదు లెవళ్ళలో ఉన్న నూట అరవై మందీ ఎక్కడి పని అక్కడ వదిలేసి పెద్ద సొరంగంలోకి నడిచారు. అక్కడ ఇనుప కమానులు ఉన్నాయి, కప్పు కూలే భయం లేదు. లాప్‌టాప్ ఆపి, మళ్ళీ వేసి, బొమ్మ పచ్చగా వచ్చేసరికి ఆరు నిమిషాలు పట్టింది. అప్పుడు లోపలికి పోవచ్చని ఒక్క గంట కొట్టాను. అందరూ నన్ను తిట్టుకుంటూ లోపలికి వెళ్ళారు.

నా పేరు భూలక్ష్మి. పైలోకం వదిలి మేమంతా ఈ పాత బాయిలోకి దిగి పందొమ్మిదో ఏడు. ఈ బొగ్గుబాయిలో లాప్‌టాప్ బాగోగులు చూసేది నేనే. క్రాష్ అయినప్పుడల్లా రాసి పెట్టమని కమిటీ పెద్ద గట్టయ్య ఈ పుస్తకం ఇచ్చాడు. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళకు పనికొస్తుందట. సరే, వాళ్ళ కోసమే రాస్తున్నాను. కప్పుకు రెండు వందల నలభై చిన్న డబ్బాలు అతికించి ఉన్నాయి. వాటిని మేము చెవులు అంటాం. రాయిలో ఎక్కడ చిటుక్కుమన్నా చెవి వింటుంది, లాప్‌టాప్ ఆ చోట ఒక చుక్క గీస్తుంది. చుక్కలు తక్కువుంటే లెవల్ పచ్చగా ఉంటుంది, ఎక్కువైతే ఎర్రబడుతుంది. ఆరేళ్ళలో ఎరుపును నేను ఒక్కసారి కూడా చూడలేదు.

213వ రోజు, రెండో షిఫ్ట్

డ్రైవర్ మీద పడ్డాను. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి పాతదాన్ని వేర్లతో సహా పీకేసి, మెమొరీ స్టిక్‌లో ఉన్న మూడు వెర్షన్లలో నడిమిది వేశాను. తొమ్మిది గంటలు బాగానే నడిచి మళ్ళీ ఆరిపోయింది. రేపు అన్నిటికంటే పాతది వేసి చూస్తాను.

నాకు ఈ పని నేర్పింది ఇందిర మేడం. పోయినేడు దగ్గుతో పోయింది. ఆమె దగ్గర ఒకటే పాఠం ఉండేది: ఒకసారికి ఒకటే మార్చు, మార్చాక ఆగి చూడు. రెండు కలిపి మార్చితే చెంప మీద కొట్టేది. అందుకే ఒక్కో వెర్షనుకూ ఒక రోజు పూర్తిగా ఇస్తున్నాను. అవతల జనం ఓపిక అడుగంటుతోంది.

216వ రోజు, మొదటి షిఫ్ట్

పాత వెర్షన్ కూడా పడిపోయింది. అయితే డ్రైవర్ తప్పు కాదన్నమాట. అడుగు మూత విప్పి చూద్దును కదా, ఫ్యాను రెక్కలకు నల్లటి బంక అంగుళం మందాన పట్టి ఉంది. బొగ్గుపొడి అయితే రాలిపోవాలి, ఇది వేలికి అతుక్కుంటోంది. వాసన చూస్తే సాంబ్రాణి. ప్రతి శుక్రవారం నేను నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి, రెండో లెవల్ ఆడవాళ్ళు వచ్చి లాప్‌టాప్‌కు ధూపం వేసి పోతున్నారు. కీబోర్డు మీద పసుపు ఎక్కడినుంచి వస్తోందా అని ఇన్నాళ్ళూ ఆలోచిస్తున్నాను.

అడిగితే, "బాయి తల్లికి ఏసినట్టే దీనికీ ఏసినం. మన పానాలు దీని మీదనే ఉన్నయ్ గదా," అన్నారు. ఇంకోసారి ధూపం తెస్తే ఆ నిప్పుల మీద మీ చేతులే పెడతానన్నాను. పాపం, వాళ్ళేం చేస్తారు, భయం. ఫ్యాను కడిగాను. చిప్ మీద ఎండిపోయిన పేస్టు గీకి, చచ్చిపోయిన వేరే లాప్‌టాప్ నుంచి కాస్త తీసి రాశాను. వేడి తొంభై రెండు నుంచి డెబ్బైకి దిగింది. ఇదే అసలు కారణం అయ్యుంటుంది.

219వ రోజు, రెండో షిఫ్ట్

కాదు. నిన్న రెండుసార్లు, ఇవాళ మూడుసార్లు. అరవై ఎనిమిది డిగ్రీల దగ్గర చల్లగా ఉండి కూడా పడిపోయింది. మెమొరీ పరీక్షించాను, తప్పు లేదు. చార్జర్ కరెంటు కొలిచాను, అదీ సరిగానే ఉంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, తీగ మీదే నడుస్తోంది, దాంతో ఇబ్బంది లేదు. పెద్ద గ్రాఫిక్స్ చిప్ ఆపేసి, లోపల ఉండే చిన్నదానితో నడిపి చూశాను. క్రాష్ కాలేదు కానీ, బొమ్మ మూడు నిమిషాలు ఆలస్యంగా వస్తోంది. కూలిన మూడు నిమిషాలకు కూలిందని చెప్పే బొమ్మ ఎవరికి కావాలని గట్టయ్య వద్దన్నాడు. ఆ మాట నిజమే, మళ్ళీ పెద్దదానికి మార్చాను.

మా చెల్లెలు వనజ వచ్చింది. ఐదో లెవల్లో పుట్టగొడుగుల మళ్ళు చూస్తుంది. నాలుగు నెలల కూతురు చంకలో ఉంది.

"అక్కా, పొద్దుకు మూడుసార్లు పిల్లనెత్తుకొని ఉరుకుడైతంది. మడిల తడి ఆరిపోతంది. రాజవ్వకు మోకాళ్ళు లెవ్వు, ఆమెను కూడా నేనే పట్టుకొని నడిపియ్యాలె. అసలు ఇది బాగైతదా కాదా?"

"అయితది."

"పోయిన వారం గూడ గిదే మాటన్నవ్."

పుండు మీద కారం చల్లినట్టయింది. దాని మీద అరిచాను. అరిచాక పిల్ల ఏడ్చింది. వనజ కోసం ఎత్తిపెట్టిన బెల్లం ముక్క ఇవ్వడం కూడా మర్చిపోయాను.

222వ రోజు, మొదటి షిఫ్ట్

దొరికింది.

క్రాష్ అయిన వేళలన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన ఆ వేళకు బాయిలో ఎవరు ఎక్కడున్నారో రాశాను. పదహారు క్రాష్‌లు. అందులో పదమూడింటికి ఓదెలు కాక ఐదో లెవల్లో ఉన్నాడు.

ఓదెలు కాక మా సర్దారు. బాయిలో బొగ్గు తీసే కాలంలో కప్పు పరీక్షించడమే ఆయన ఉద్యోగం. డెబ్బై దాటాయి. ఇనుప పొన్ను వేసిన కర్రతో రోజూ లెవళ్ళు తిరుగుతూ కప్పును కొట్టి వింటాడు. కంగుమంటే మంచి రాయి, డొల్లగా పలికితే చెడ్డది. చెవులు వచ్చాక ఆయన పని అవసరం లేదు కానీ, పెద్దవాడని ఎవరూ వద్దనలేదు. ఆయన కొట్టే ఒక్కో దెబ్బనూ చుట్టుపక్కల చెవులన్నీ వింటాయి, అన్నిటికీ లాప్‌టాప్ చుక్కలు గీస్తుంది. ముసలి చిప్, దాని మీద ఈయన దరువు. సెకనుకు రెండు వందల యాభై చుక్కలు దాటగానే డ్రైవర్ చేతులెత్తేస్తోంది.

ఆయన్ను పిలిచి కాగితం చూపించాను.

"కాకా, నువ్వు కొట్టే దెబ్బలకు లాప్‌టాప్ తట్టుకుంటలేదు."

కాగితం చాలాసేపు చూశాడు. చదువు రాదు, అయినా చూశాడు. "ఆరేండ్ల సంది నీ బొమ్మ ఉంది బిడ్డా. ఆరేండ్లూ నేను కొట్టిన. ఇయ్యాల ఏమొచ్చింది దానికి?"

"ముసల్దైంది."

"నేనూ అయిన." నవ్వాడు. "ఈ నెల నేను ఐదో లెవల్ల ఎందుకు ఎక్కువ తిరుగుతున్ననో అడుగవా?"

"నువ్వెందుకు తిరిగితే నాకెందుకు కాకా. నీ వల్ల నూట అరవై మంది ఉరుకుతున్నరు."

"రా, ఒక్కపారి నా ఎంబడి వచ్చి చెవి పెట్టి ఇను. కొడితే ఎట్ల పలుకుతందో నేర్పిస్త. ఎంతసేపు గాదు."

నాకు తీరిక లేదన్నాను. నిజంగానే లేదు, డ్రైవర్ తిరిగి వేసే పని ఇంకా సగంలో ఉంది.

223వ రోజు, రెండో షిఫ్ట్

కమిటీ కూర్చుంది. నా కాగితం గట్టయ్య చేతుల మీదుగా అందరికీ తిరిగింది. పదహారుకు పదమూడు అనే లెక్కకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. ఓదెలు కాక మాత్రం, "కప్పు మాట్లాడుతంది. ఐదో లెవల్ల తొవ్వలు కలిసే నాలుగో జంక్షన్ కాడ రోజూ మాట్లాడుతంది," అన్నాడు. గట్టయ్య నా వైపు చూశాడు. నేను లాప్‌టాప్ వైపు చూపించాను. ఐదో లెవల్ నిమ్మకు నీరెత్తినట్టు పచ్చగా ఉంది.

"సర్దారూ, ఎన్నో ఏండ్లు కాపాడినవ్. ఇగ జర సుకపడు," అన్నాడు గట్టయ్య, మెత్తగానే.

కాక కర్ర తెచ్చి నా గదిలో మూలన నిలబెట్టి పోయాడు.

ఇంకో పని కూడా చేశాను. సెకనుకు రెండు వందలు దాటిన చుక్కలను గీయొద్దని ప్రోగ్రాంలో ఒక హద్దు పెట్టాను. కర్ర ఆపడం, హద్దు పెట్టడం, రెండూ ఒకే రోజు. ఇందిర మేడం ఉంటే చెంప పగిలేది. కానీ జనం ఓపిక ఇంకో వారం ఆగేట్టు లేదు.

229వ రోజు, మొదటి షిఫ్ట్

ఆరు రోజులు. ఒక్క క్రాష్ లేదు. వనజ పుట్టగొడుగుల కూర పంపింది, గిన్నె మీద మూతతో సహా. రెండో లెవల్ ఆడవాళ్ళు దూరం నుంచే దండం పెట్టారు, నాకో లాప్‌టాప్‌కో తెలియదు. అంతా నా ప్రతాపమే అనిపించింది. రెంటిలో ఏది పనిచేసిందో మాత్రం నాకు తెలియదు.

నీళ్ళకు వెళ్తుంటే ఐదో లెవల్లో ఓదెలు కాక కనిపించాడు. నాలుగో జంక్షన్ దగ్గర బొగ్గు మోసే పాత ఇనుప టబ్బు బోర్లించి, దాని మీద నిలబడి, అరచేయి కప్పుకు ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. "కొడ్తలేను బిడ్డా. చెయ్యి పెట్టి సూస్తున్న, అంతే. నీ బొమ్మకు ఏం గాదు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. సరే అని వచ్చేశాను.

231వ రోజు

షిఫ్ట్ ఏదో చూడలేదు. నిన్న జరిగింది ఇవాళ రాస్తున్నాను.

మొదటి షిఫ్ట్ సగంలో కాక నా గదికి వచ్చాడు. ఒళ్ళంతా తడి బొగ్గు. "ఐదో లెవల్లున్న మందిని బయటికి తీయాలె. ఇప్పుడే. గంట కొట్టు," అన్నాడు.

తెర చూపించాను. ఐదో లెవల్ పచ్చగా ఉంది.

"నీ బొమ్మకు చెవులున్నయ్ గని..." అని ఆగిపోయాడు. ఇంకేం చెప్పినా నేను విననని అర్థమైనట్టుంది. వంగి, గోడకున్న ప్లగ్గు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తెర నల్లబడింది. నేను లేచేలోపే గంట తాడు పట్టుకుని మూడుసార్లు కొట్టాడు.

అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. నోటికి వచ్చినదల్లా అన్నాను. కర్ర గుంజుకున్నరని కడుపుమంటతో చేస్తున్నవ్ అన్నాను. నీకు సిగ్గులేదా అని కూడా అన్నాను. ఆయన విననట్టే మూలనున్న కర్ర తీసుకుని ఐదో లెవల్ వైపు వెళ్ళిపోయాడు. జనం పెద్ద సొరంగంలోకి వస్తున్న చప్పుడు వినిపించింది. ఐదో లెవల్ నుంచి ముప్పై నాలుగు మంది. అందరూ బయటికి వచ్చారు. అందరూ. ఇది స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే కాక చేయాల్సిన పని పూర్తిగా చేశాడు.

నేను ప్లగ్గు పెట్టాను. నెల రోజుల అలవాటుతో చేతులు వాటంతటవే నడిచాయి. మొదట్లో ఆరు నిమిషాలు పట్టేది, నిన్న మూడు నిమిషాల నలభై సెకన్లకే బొమ్మ తెచ్చాను. అంత తొందరగా ఎప్పుడూ తేలేదు. పచ్చగా వచ్చింది. ఒక్క గంట కొట్టాను.

ఆ తర్వాత జరిగింది వనజ చెప్పింది. కాక ఐదో లెవల్ మొదట్లో కర్ర అడ్డం పట్టుకుని నిలబడ్డాడట. "పోకుండ్రి. ఒక్క గంటసేపు ఆగుండ్రి," అని బతిమాలాడట. కానీ ఒక్క గంట మోగింది కదా. సర్దారుకు కర్ర పోయిన బాధ ఇంకా పోలేదని నలుగురూ అనుకున్నారట. రాజవ్వ ఆయన చేతి కింద నుంచి దూరి, పొద్దటి నుంచి మడికి నీళ్ళు పెట్టలేదని కుంటుకుంటూనే లోపలికి నడిచింది. ఆమె వెంట, మళ్ళలోనే పనిచేసే కొమ్ము లింగయ్య. ఆ వెనక వనజ, పిల్లతో.

"నా రెక్క పట్టుకొని ఇవతలకు ఇసిరేసిండు అక్కా. నేను పడ్డ. పిల్ల పడకుండ నా మీదికి పట్టుకున్న. 'మీ అక్క మిషన్ బాగు చేసింది గని కప్పు బాగు గాలే' అని, రాజవ్వను తేనీకె లోపలికి ఉరికిండు."

నాలుగో జంక్షన్ నుంచి ముందున్నదంతా కూలింది. దుమ్ము నా గది దాకా వచ్చింది. నేను మూడు గంటలు కొట్టాలని తాడు పట్టుకుని, ముందు తెర వైపు చూశాను. అలవాటు. ఐదో లెవల్ పచ్చగానే ఉంది.

రాజవ్వ, లింగయ్య, ఓదెలు కాక.

236వ రోజు, రెండో షిఫ్ట్

చెవులు విన్నదంతా అంకెల రూపంలో లాప్‌టాప్‌లో దాచి ఉంటుంది. బొమ్మ గీసినా గీయకపోయినా ఆ అంకెలు ఉంటాయి. నెల రోజులుగా నేను డ్రైవర్ రిపోర్టులే చదివాను, ఇవి ఒక్కసారి కూడా తెరవలేదు. ఇవాళ తెరిచాను.

ఐదో లెవల్ నాలుగో జంక్షన్‌లో చిటుకులు రోజురోజుకూ పెరిగాయి. కాక లేనప్పుడు కూడా పెరిగాయి. కర్ర ఆపాక మరింత పెరిగాయి. ఆయన కొట్టడం వల్ల క్రాష్‌లు రాలేదు. ఎక్కడ రాయి కదులుతోందో అక్కడికే ఆయన పోయాడు, అక్కడి చుక్కలకే డ్రైవర్ చచ్చింది.

సెకనుకు మూడు వందలు దాటితే లెవల్ ఎర్రబడాలి. ముసలి చిప్ రెండు వందల యాభైకే పడిపోయేది. అంటే ఎరుపు వచ్చేలోపు నలుపు వచ్చేది. ఆ నలుపు వచ్చినన్నాళ్ళూ జనం బయటికి నడిచారు. నేను రెండు వందల దగ్గర హద్దు పెట్టాను. ఆ తర్వాత నలుపూ రాలేదు, ఎరుపు రావడానికి దారీ లేదు. కూలిన నిమిషంలో నాలుగో జంక్షన్‌లో సెకనుకు నాలుగు వేల చిటుకులు. అందులో నా లాప్‌టాప్ గీసినవి రెండు వందలు.

గట్టయ్యకు అంతా చెప్పాను. కుర్చీలోంచి లేవలేదు. "నువ్వొక్కదానివి కాదు బిడ్డా, మేమందరం చేతులెత్తినం," అన్నాడు. నాకది ఊరట కాలేదు, అలాగే రాస్తున్నాను. వనజ నాతో మాట్లాడటం లేదు. పిల్లను మాత్రం రెండో లెవల్ ఆడవాళ్ళతో పంపింది, ఒకసారి చూసుకోమని. పిల్ల మోచేయి మీద గీరుకుపోయిన మచ్చ ఉంది.

251వ రోజు, మొదటి షిఫ్ట్

హద్దు తీసేసి పదిహేను రోజులైంది. డ్రైవర్ క్రాష్‌లు లేవు. తీసేశాక అయినా పడుతుందేమోనని ఎదురుచూశాను, పడలేదు. ఐదో లెవల్ చెవులు రాళ్ళ కింద ఉన్నాయి, వాటి నుంచి చుక్కలు రావు. చుక్కలు రాని చోటును బొమ్మ పచ్చగానే చూపిస్తుంది. బొమ్మ తెరిచిన ప్రతిసారీ బాయి మొత్తంలో అన్నిటికంటే పచ్చగా ఉండేది ఆ లెవలే. ఆ ముక్కను బొమ్మలోంచి తీసేద్దామా అని గట్టయ్య అడిగాడు. ఉండనియ్యమన్నాను.

నియమం మారింది. ఐదో లెవల్ జనమే మార్పించారు. ఒక్క గంట కొట్టినవాళ్ళు అందరికంటే ముందు తామే లోపలికి నడవాలి. వాళ్ళు చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చాకే మిగతావాళ్ళు కదులుతారు. ఇది నా కోసమే పెట్టారు. న్యాయమే.

కాక కర్ర దొరికింది, పొన్ను వంగిపోయి ఉంది. రాయి మీద పెట్టి కొట్టి తిన్నగా చేశాను. రోజూ లెవళ్ళు తిరుగుతున్నాను. కొడతాను, చెవి పెడతాను. పెద్ద సొరంగంలో కప్పు కంగుమంటుంది, ఆ చప్పుడు ఇప్పుడు గుర్తుపడుతున్నాను. డొల్ల ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. ఎంతసేపు కాదు, రా, నేర్పిస్తా అన్నాడు. నేనే పోలేదు.

ఇవాళ మూడో లెవల్, రెండో జంక్షన్. పది చోట్ల కొట్టాను. తొమ్మిది ఒకలాగే పలికాయి. పదోది కొంచెం మందంగా అనిపించింది. మళ్ళీ కొట్టాను. మందంగానే ఉందో, నా చెవే అలా వింటోందో తేల్చుకోలేకపోయాను. అరచేయి ఆనించి కళ్ళు మూసుకున్నాను. రాయి చల్లగా ఉంది, అంతకు మించి నాకేం తెలియలేదు. కాకా, ఇది డొల్లేనా అని పైకే అడిగాను. ఇప్పుడు ఇక్కడికి మార్చిన మళ్ళలో పని చేస్తున్న ఇద్దరు తల ఎత్తి చూశారు.

గదికి వచ్చి తెర చూశాను. మూడో లెవల్ పచ్చగా ఉంది. డ్రైవర్ సరిగా నడుస్తోంది. వేడి అరవై ఏడు. తప్పు ఒక్కటి కూడా లేదు.

మూడు గంటలు కొట్టాను.